శివారు జవాబుకు సున్నా

పేపర్లు దిద్దడం వెట్టిచాకిరీ అని నమ్మేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఇది కొత్తగా బడిలో చేరుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళలో కూడా, పిల్లలు రాసింది కూర్చుని చదివే ఓపిక ఉన్నవాళ్ళ కోసం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. నా ప్రమోషన్లూ బదిలీలూ మీకు అక్కర్లేదు. ఆ కాగితాలన్నీ ఒక సూట్‌కేసులో ఉన్నాయి, వాటిని నేనే మళ్ళీ తీసి చూడలేదు. నాకు గుర్తున్నది తొంభైల్లో ద్రాక్షారామంలో అద్దెకుండి, రోజూ బస్సు దిగి కాలవగట్టు మీద నడిచి వెళ్ళిన ఒక బడి. ఆ బడిలో వీరవేణి అనే పిల్ల. ఉద్యోగం అంటే ఏమిటో నాకు చెప్పింది ఆ పిల్లే, ట్రైనింగు కాలేజీ కాదు.

రెండో సగం

బడి బయటివాళ్ళు పాఠం చెప్పడమే మా ఉద్యోగం అనుకుంటారు. అది సగమే. రెండో సగం పిల్లలు రాసింది చదవడం. ఆ సగాన్ని ఎలా తప్పించుకోవాలో మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. జవాబు పొడుగు చూసి మార్కులెయ్యడం, దస్తూరీ బాగుంటే ఒకటి కలపడం, గైడులో ఉన్న మాటలు కనిపిస్తే టిక్కు పెట్టి పేజీ తిప్పడం. అరవై పేపర్లు ఇంటర్వెల్లో మొదలుపెట్టి లాంగ్ బెల్లుకి ముగించిన వీరులు మా బడిలో ఉండేవారు.

నేను ఆ జట్టు కాదని గొప్పగా చెప్పుకునేదాన్ని. ప్రతి జవాబూ మొదటి నుంచి చివరిదాకా చదివేదాన్ని. చదివి కూడా తప్పు చేయొచ్చని అప్పటికి నాకు తెలీదు.

నేను వేసిన సున్నా

ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో నేనే ఇచ్చిన ప్రశ్న అది. 'ఆనకట్ట వల్ల మన డెల్టాకు కలిగిన మేలు రాయండి.' ఐదు మార్కులు. జవాబు ఏమిటో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. డెల్టా సస్యశ్యామలమైంది, కరువు పోయింది, వానాకాలం సార్వా, ఎండాకాలం దాళ్వా, రెండు పంటలు పండుతున్నాయి, అన్నపూర్ణ అని పేరొచ్చింది. క్లాసంతా అదే రాసింది. అందరికీ నాలుగో ఐదో వేసుకుంటూ పోతున్నాను.

వీరవేణి ఇలా రాసింది: 'ఆనకట్ట వల్ల పై ఊళ్ళకి మేలు. మా ఊరికి సార్వాలో నీళ్ళు ఎక్కువ వచ్చి చేను మునుగుతుంది. దాళ్వాలో మా వంతు వచ్చేటప్పటికి కాలవలో బురద ఉంటుంది. మా నాన్న తూము దగ్గర కూర్చుంటాడు. పైవాళ్ళు వదిలితే మాకు మేలు.'

నేను ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, సున్నా చుట్టి, పక్కన 'అసత్యం. పుస్తకం చదివి రాయి' అని రాశాను. కోపంగా కూడా రాయలేదు. నిజంగానే ఆ పిల్ల తెలివితక్కువగా రాసిందనుకున్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మాది ఆనకట్ట ఉన్న ధవళేశ్వరానికి కూతవేటు దూరంలో ఊరు, కాలవ మొదట్లోనే మా నాన్నగారి పొలం. మా చేలకి నీళ్ళు అడిగితే రావడం కాదు, వద్దన్నా వచ్చేవి. దాళ్వా వరి ఎప్పుడూ పచ్చగానే చూశాను. కాలవ చివర శివారు ఊరొకటి ఉంటుందనీ, అక్కడ కూడా మనుషులు వరి నాటుతారనీ నా బుర్రకు ఎప్పుడూ తట్టలేదు. సోషల్ టీచర్ని, డెల్టా పటం కళ్ళు మూసుకుని వేసేదాన్ని. మా తరంలో ఇలాంటి ఎగువ ఊళ్ళ పంతుళ్ళు బోలెడుమంది ఉండేవారు. ఇప్పుడూ ఉన్నారు.

బోదె గట్టు మీద

పేపర్లిచ్చిన నెల్లాళ్ళకు వీరవేణి నాన్న అప్పారావు బడికొచ్చాడు. కౌలు రైతు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, చేతిలో ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మార్కులడగడానికి రాలేదండి" అన్నాడు. "మా పిల్ల అబద్ధం రాసిందని మీరనుకుంటన్నారని వచ్చేనండి."

"పుస్తకంలో ఉన్నది రాయాలి కదండీ" అన్నాను.

"ఆయ్, రాయాలండి. కాపోతే అబద్ధం కాదండి అది. ఆదివారం మీకు వీలుంటే ఓసారి వచ్చి చూడండి. బస్సు దిగే చోటికి సైకిలేసుకుని నేనొస్తాను."

వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను తప్ప, నా తప్పు తెలుసుకోవాలని కాదు. అతను సైకిలు నడిపించుకుంటూ ముందు, నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక, కాలవ నుంచి చేలకి నీళ్ళు తెచ్చే పంట బోదె గట్టు మీద చాలా దూరం నడిచాం. బోదెలో నీళ్ళు లేవు, ఎండి బీటలిచ్చిన ఒండ్రు. అతని చేలో వరి దుబ్బులు పసుపు తిరిగిపోయాయి. పక్క చేను వాళ్ళు విసిగిపోయి రొయ్యల చెరువు తవ్వించేశారు, ఆ ఉప్పు ఇటు ఊరుతోంది. ఎవరినీ తిట్టకుండా చూపించాడు.

"మీదే ఊరండి?" అని అడిగాడు. చెప్పాను.

"ఎగువోళ్ళన్నమాట" అన్నాడు. నా మొహం చూసి, "మీ తప్పేం లేదులెండి, కాలవ అలా తవ్వేరు" అని కూడా అన్నాడు.

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. "ఐదుకి ఐదు వేస్తానండి" అన్నాను.

"మార్కులెందుకండి. అది మళ్ళీ రాస్తే చాలు. అంతకుముందు ఏ కాయితం దొరికినా ఏదోటి రాసేదండి. ఇప్పుడు ఓ ముక్క రాయవే అంటే, నాకేం తెలీదు నాన్నా అంటంది."

మర్నాడు క్లాసులో అందరి ముందూ చెప్పాను, వీరవేణి రాసింది నిజం, నేను దిద్దింది తప్పు అని. సున్నా కొట్టేసి ఐదు వేశాను. పిల్లల ముందు టీచరు తప్పొప్పుకోకూడదని మా స్టాఫ్ రూములో నాకు క్లాసు పీకారు. వాళ్ళ మాట అటుంచండి. వీరవేణి మాత్రం తలెత్తలేదు. ఆ తర్వాత ప్రతి పరీక్షలోనూ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కామాతో సహా దింపింది. నేను ఆ పిల్ల చేతిలోంచి ఏం లాగేసుకున్నానో అప్పుడు తెలిసింది. దాన్ని తిరిగి ఇవ్వడమే నా పని అనుకున్నాను. మిగిలిందంతా దానికోసం చేసిన గొడవే.

వెనక పేజీ

క్లాసంతటికీ ఒక పద్ధతి పెట్టాను: నోటు పుస్తకాన్ని తిరగేసి, వెనక వైపునుంచి ఒక పేజీ. ప్రతి పాఠం అయ్యాక అందులో రాయాలి: ఇది మా ఊళ్ళో ఎలా ఉంది? మార్కుల్లేవు. అక్షరదోషాలు దిద్దను. ఎర్ర సిరా ముట్టుకోను. చదివి, కింద పెన్సిలుతో ఒక ప్రశ్న రాస్తాను, అంతే.

ఇది వినడానికి ఎంత తేలికో, చేయడం అంత చాకిరీ. బస్సులో చదివాను, అన్నం ఉడుకుతుంటే చదివాను. కొన్ని వారాలు చదవలేక సంతకం పెట్టి ఇచ్చేశాను. పిల్లలు పెన్సిలు ప్రశ్న ఉందా లేదా అని ముందు చూసుకునేవారు. లేకపోతే వాళ్ళ మొహాలు చూడాలి. మీరు కూడా ఎప్పుడో ఒకసారి అలా తోసేస్తారు. తోసేసినప్పుడు పిల్లలతో ఆ మాట చెప్పండి. వాళ్ళకెలాగూ తెలుసు.

నూకరాజు అని ఒకడు వరసగా ఆరు వారాలు 'మా ఊళ్ళో ఏం లేదు' అనే ఒక్క లైనే రాశాడు. ఆరోసారి నేను 'ఏం లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోతున్నావు, రోజూ ఆలస్యంగా వస్తున్నావు?' అని రాశాను. ఏడో వారం మూడు పేజీలు. వాళ్ళ నాన్న బాతులు కాస్తాడు. కోతలైన చేలల్లోకి బాతుల్ని తోలి, తెల్లారేలోపు గుడ్లు ఏరాలి. ఏ ఊరి చేలో ఎన్ని రోజులు ఆపాలి, ఎవరు తరుముతారు, ఎవరు మజ్జిగ పోస్తారు, అన్నీ ఉన్నాయి. వలసల గురించి మా పాఠంలో ఉన్నదానికన్నా అదే నయం. చివర 'ఇదీ ఓ ఊరు సంగతేనా అండి' అని రాశాడు. రాతపని నేర్పడం అంటే చాలాసార్లు 'అవును, ఇది కూడా సంగతే' అని చెప్పడమే. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

వీరవేణి వెనక పేజీలో కూడా పాఠమే ఎక్కించేది. నేను మానకుండా ప్రశ్న రాసేదాన్ని. తొమ్మిదిలోకి వచ్చింది. దసరా సెలవుల తర్వాత ఒకరోజు పేజీ తిప్పితే నాలుగు లైన్లు ఉన్నాయి. 'మీరు మా చేను చూడ్డానికి వచ్చిన రోజు మా వంతు కాదు. మా నాన్న మీకు ఆ మాట చెప్పలేదు. మా వంతు మర్నాడు. మర్నాడు కూడా నీళ్ళు రాలేదు. కానీ మీరు వచ్చిన రోజు కాదు.'

కన్నతండ్రిని కూడా వదల్లేదు. బస్సులో కూర్చుని నవ్వాను, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. పక్క సీటావిడ ఏంటండీ అని అడిగితే ఏం లేదండీ అన్నాను. కింద పెన్సిలుతో 'మర్నాడు ఎందుకు రాలేదు?' అని రాశాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ పిల్ల ఏడాదంతా రాస్తూనే ఉంది.

కందకు లేని దురద

మా హెడ్మాస్టరు సుబ్బారావుగారు చెడ్డవాడు కాదు. ఆయనకు పాసు పర్సెంటేజీ తప్ప ఇంకోటి కనిపించేది కాదు, అంతే. ఇనస్పెక్షనుకి వచ్చిన అధికారి పిల్లల నోట్సులు తిరగేసి, వెనక పేజీలు చూసి, "ఇదేంటి, ఊరి పంచాయితీలన్నీ రాయిస్తున్నారు?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం హెడ్మాస్టరుగారు నన్ను పిలిచారు.

"పరీక్షలో రానిదానికి ఇన్ని పేజీలెందుకండీ? పిల్లలకి లేదు, తల్లిదండ్రులకి లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి దురద ఉందండి. మనం అడగలేదు" అన్నాను.

"రేపటినుంచి ఆపెయ్యండి. బిట్లు చేయించండి."

"బిట్లు కూడా చేయిస్తానండి. ఇది మాత్రం ఆపను. కాగితం మీద రాసివ్వండి, సోషల్ టీచరు పిల్లల చేత రాయించకూడదని. బడి గోడకు అంటిస్తాను."

ఆయన రాసివ్వలేదు. రాసివ్వరని నాకు తెలుసు. మన ఉద్యోగంలో వచ్చే ఆజ్ఞల్లో సగం నోటిమాటలే, కాగితం అడిగితే ఆవిరైపోతాయి. తాటాకు చప్పుళ్ళకి బెదిరితే ఈ పని చేయలేం. ఆ మాట మీకు ఎవరూ చెప్పరు గనక నేను చెబుతున్నాను.

రాజమండ్రి వేసవి

ఆ ఎండాకాలం పదో తరగతి పేపర్లు దిద్దడానికి రాజమండ్రిలో స్పాట్ వాల్యుయేషనుకి వేశారు. పొరుగు జిల్లాలవి వస్తాయి, ఎవరి పేపరో తెలీకుండా నంబర్లేసి ఉంటాయి. ఒక్కో బెంచీకి కట్టలు, చేతికో కీ. కీలో పాయింట్లుంటాయి, పాయింటుకి ఇన్ని మార్కులని. ఆ ఎండలో, ఆ రేకుల గదిలో, రోజుకి అన్ని పేపర్లు దిద్దేవాళ్ళని నేను తప్పుపట్టను. నేనూ ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

కరువు మీద ప్రశ్నకి ఒక పేపర్లో, కీలో లేని జవాబు ఉంది. వాళ్ళమ్మ బిందె పట్టుకుని ఎంత దూరం నడుస్తుందో, పశువుల్ని ఏ నెలలో అమ్మేశారో రాసింది ఆ బిడ్డ. కారణాలూ ఉన్నాయి, ఫలితాలూ ఉన్నాయి, పుస్తకం మాటల్లో లేవు. నేను పూర్తి మార్కులు వేశాను. మా పేపర్లని మళ్ళీ చూసే చీఫ్ ఎగ్జామినరు దాన్ని పట్టుకుని వచ్చాడు.

"ఇది కథల పోటీ కాదమ్మా. కీలో ఏముంది, మీరేమేశారు? ఒకటి చేసి దిద్దండి."

"నేను దిద్దనండి. అందులో తప్పేముందో చూపించండి."

"తప్పుండక్కర్లేదు. కీలో లేదు."

"అయితే మీరే మార్చి మీరే సంతకం పెట్టండి."

గదిలో అందరూ తలలు దించుకుని తెగ దిద్దేస్తున్నారు. ఆయన నా ముందే మార్చి సంతకం పెట్టాడు. నేను గెలవలేదు. ఆ బిడ్డ మార్కులు పోయాయి, నా పట్టుదల వల్ల ఆ బిడ్డకి ఒరిగిందేమీ లేదు. కాకపోతే నా సంతకంతో పోలేదు. దానికే మళ్ళీ నన్ను స్పాటుకి పిలవడం మానేశారు. హాయిగా ఉందని పైకి అన్నాను. లోపల మండింది.

ఈ ఒక్క రోజుకీ

ఇప్పుడు నేను చెప్పబోయేది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

వీరవేణి పదో తరగతికి వచ్చింది. ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు మాన్పించి, రామచంద్రపురంలో మేనత్త దగ్గర కుట్టు మిషను పనికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. అప్పారావుకి ఇష్టం లేదు, కానీ ఆ ఏడు కూడా దాళ్వా పోయింది, అతని మాట చెల్లే పరిస్థితి లేదు. పాసైతే ఇంటరు. ఇంగ్లీషు, లెక్కలు ఎలాగూ అంతంతమాత్రం. సోషలొక్కటే ఆ పిల్లకి దన్ను.

సోషల్ పరీక్ష రోజు పొద్దున్న సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. వీరవేణి పెన్నులు సరిచూసుకుంటోంది. నాకు రాజమండ్రి గదిలో ఆ సంతకం కళ్ళ ముందు ఆడింది. పక్కకి పిలిచాను.

"చూడమ్మా, ఏ ప్రశ్నొచ్చినా పుస్తకంలోదే రాయి. ఈ ఒక్క రోజుకీ. మనది మన వెనక పేజీలో ఉంటుంది, ఎక్కడికీ పోదు."

నా మొహం వంక చూసింది. "అలాగేనండి" అంది.

రెండేళ్ళు హెడ్మాస్టరుతో, స్టాఫ్‌తో, స్పాటులో ఆ పెద్దమనిషితో తలపడ్డ మనిషిని నేను. గేటు దగ్గర ఆ పిల్ల చెవిలో వాళ్ళ మాటే ఊదాను. పిల్లల రాతకి అడ్డొచ్చిన గోడలన్నీ వేలెత్తి చూపించి తీరా సమయానికి నేనే గోడనయ్యాను. భయం నా గురించి కాదు, ఆ పిల్ల గురించేనని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. అయినా అది భయమే.

మార్కుల లిస్టు

ఫలితాలు పేపర్లో వచ్చాయి. పాసైంది. మార్కుల లిస్టులు బడికొచ్చినప్పుడు ముందు తనదే వెతికాను. సోషల్లో నూటికి ముప్పై తొమ్మిది. ముప్పై ఐదు రాకపోతే తప్పినట్టే. నా లెక్కలో డెబ్భై రావాలి. కూడిక తప్పేమో అనుకున్నాను, పేపరు తారుమారైందేమో అనుకున్నాను. రీకౌంటింగ్‌కి కట్టడానికి ఫారం కూడా తెప్పించాను.

వీరవేణి లిస్టు తీసుకోడానికి వచ్చినప్పుడు ఫారం ముందు పెట్టాను.

"ఒద్దండి" అంది. "కూడిక సరిగ్గానే ఉంటదండి."

"నీకెలా తెలుసు?"

ఫారం వెనక్కి నా వైపు జరిపింది. తర్వాత చెప్పింది. "ఆనకట్ట గురించి వచ్చిందండి. పుస్తకంలోది రెండు లైన్లు రాసేను. తర్వాత మాది మొదలెట్టేను. మొదలెట్టేక ఆగలేదండి. నాలుగు పేజీలైంది. చివర్లో మూడు ప్రశ్నలకి టైం లేపోయింది."

నాకు కోపం ముంచుకొచ్చింది. నిజంగా కోపమే, సిగ్గుతో కలిసిన కోపం. "ఇంకో ఐదు మార్కులు పోతే ఏమయ్యేదో తెలుసా? అత్త దగ్గర మిషను తొక్కుతూ ఉండేదానివి. నేను చెప్పాను కదా ఒద్దని. ఆ దిద్దేవాళ్ళెవరో నీకు తెలుసా? నాలుగు పేజీలూ కొట్టేసుంటారు."

"కొట్టేసుంటారండి" అంది. ఆ పిల్ల గొంతులో తగువు లేదు, నాకు పాఠం అప్పజెబుతున్నట్టు నిదానంగా అంది. "కాపోతే కొట్టెయ్యాలన్నా చదవాలి కదండీ. ఆయన ఏ ఊరాయనో గానీ, మా బోదెలో నీళ్ళు రావని ఇప్పుడాయనకి తెలుసండి."